రెండు పెట్టెలు, ఒక రివాల్వర్

మ్యాగ్నమ్ అనగానే బలం గుర్తొస్తుంది. పుట్టి తొంభై ఏళ్లయినా .357 మ్యాగ్నమ్ మీద అమెరికాలో మోజు తగ్గకపోవడానికి కారణం మాత్రం బలం ఒక్కటే కాదు.

అమెరికాలో ఏ పట్టణంలోనైనా కనిపించే షూటింగ్ రేంజ్ అది. చుట్టూ కాంక్రీటు గోడలు, నెత్తిన ట్యూబులైట్లు, పొగను లక్ష్యం వైపు తోసేసే ఫ్యాన్ల హోరు. బల్ల మీద రెండు అట్టపెట్టెలు ఉంటాయి. ఒకదాని మీద .38 స్పెషల్ అని, రెండోదాని మీద .357 మ్యాగ్నమ్ అని రాసి ఉంటుంది. నేర్చుకోవడానికి వచ్చిన మనిషిని అటు తిరిగి నిలబడమంటాడు శిక్షకుడు. రివాల్వర్ సిలిండర్‌లోని ఆరు గదుల్లో ఐదింట చిన్న తూటాలు, ఒకదాంట్లో పెద్ద తూటా పెట్టి, సిలిండర్‌ను ఒకసారి గిర్రున తిప్పి మూసి చేతికిస్తాడు. పెద్దది ఎప్పుడొస్తుందో పేల్చేవాళ్లకు తెలియదు. మొదటి మూడూ టప్ టప్‌మని పేలి కాగితం నడిమధ్యన పడతాయి. నాలుగోదానికి గది అదురుతుంది. బ్యారెల్ మొన దగ్గర నారింజ రంగు మంట, అరచేతిలో సుత్తి దెబ్బ. మిగిలిన రెండూ మళ్లీ చిన్న తూటాలే. అయినా అవి రెండూ గురి తప్పి కిందికి పోతాయి. తన్నబోతోందని చేయి ముందే బెదిరి తుపాకీ మొనను కిందికి వంచేసింది.

కోల్ట్ కంపెనీ 2005లో ఆపేసిన పైథాన్ రివాల్వర్‌ను 2020లో మళ్లీ తయారుచేయడం మొదలుపెట్టాక, అక్కడి తుపాకీ ప్రియుల మధ్య ఒక పాత చర్చ మళ్లీ వేడెక్కింది: మ్యాగ్నమ్‌లలో మేటి ఏది? ఒకరు పైథాన్ నునుపైన ట్రిగ్గర్ గురించి చెబుతారు, ఒకరు స్మిత్ అండ్ వెసన్ మోడల్ 29 అందం గురించి, మరొకరు రూగర్ జీపీ 100 మొండి గట్టిదనం గురించి. ఈ చర్చంతా తుపాకుల చుట్టూనే తిరుగుతుంది. అసలు సంగతి ఆ రెండు అట్టపెట్టెల్లో ఉంది. చేతి తుపాకీకి ఒక తూటా నచ్చాలంటే దానికి బలం ఉంటే సరిపోదు, అవసరం లేనప్పుడు ఆ బలాన్ని తగ్గించుకునే వీలుండాలి. తనకన్నా చిన్న తూటాకు చోటివ్వగలిగిన మ్యాగ్నమ్‌లే జనం చేతుల్లో నిలిచాయి. ఇది నా వాదన. దీనికి సాక్ష్యం ఆ తూటాల చరిత్రే.

సీసా పేరు, కారు తలుపు

1930ల మొదట్లో అమెరికా పోలీసులకు కొత్త చిక్కు వచ్చిపడింది. బ్యాంకు దొంగలు కార్లలో పారిపోతున్నారు. 1898 నాటి .38 స్పెషల్ తూటాలోని మెత్తని సీసపు గుండు నెమ్మదిగా వెళ్లేది. కారు రేకును, తలుపును దాటి లోపలున్నవాణ్ని చేరుతుందన్న నమ్మకం ఉండేది కాదు. స్మిత్ అండ్ వెసన్ కంపెనీకి చెందిన డగ్లస్ వెసన్, ఫిలిప్ షార్ప్ అనే తుపాకుల రచయిత, వించెస్టర్ తూటాల కంపెనీ కలిసి 1935లో దీనికి జవాబు తెచ్చారు. గుండు వ్యాసం అదే, ఇత్తడి గొట్టం లావు అదే. లోపలి మందు మాత్రం రెట్టింపు ఒత్తిడి పుట్టిస్తుంది. నేటి అమెరికా ప్రమాణాల ప్రకారం .38 స్పెషల్‌కు చదరపు అంగుళానికి 17,000 పౌండ్ల ఒత్తిడి గరిష్ఠం, .357 మ్యాగ్నమ్‌కు 35,000. మ్యాగ్నమ్ అంటే లాటిన్‌లో పెద్దది అని అర్థం. ఒకటిన్నర లీటర్ల షాంపేన్ సీసాను ఆ పేరుతోనే పిలుస్తారు, వెసన్ ఆ పేరునే తూటాకు పెట్టాడని చెబుతారు. మొదటి రివాల్వర్ ఎఫ్‌బీఐ అధిపతి జె. ఎడ్గార్ హూవర్‌కు వెళ్లింది. ఒక్కోటి 60 డాలర్లు. మహామాంద్యంలో అది పెద్ద మొత్తమే, అయినా ఆర్డర్లు కంపెనీ అనుకున్నదానికి మించి వచ్చాయి.

చాలామంది పట్టించుకోని వివరం ఇక్కడొకటి ఉంది. కొత్త తూటా గొట్టాన్ని పాతదానికన్నా సుమారు మూడున్నర మిల్లీమీటర్లు పొడవు చేశారు. ఎక్కువ మందు పట్టడానికి కాదు, పాత గొట్టంలోనే కావలసినంత చోటుంది. ఆ పొడవు భద్రత కోసం. ఎవరైనా తెలియక ఈ బలమైన తూటాను పాత .38 రివాల్వర్‌లో పెడితే ఆ తుపాకీ పగిలిపోవచ్చు. పొడవుగా ఉంటే అందులో పూర్తిగా దిగదు, సిలిండర్ మూసుకోదు. పెద్దది చిన్న తుపాకీలోకి పోకుండా వేసిన ఈ గడియ ఇంకో తలుపు తెరిచింది: చిన్న తూటా మాత్రం పెద్ద తుపాకీలోకి హాయిగా పోతుంది. ప్రమాదం తప్పించడానికి చేసిన ఏర్పాటే .357 భవిష్యత్తును నిర్ణయించింది.

> పేరుకు .38, కొలతకు .357
> .38 స్పెషల్ గుండు వ్యాసం నిజానికి అంగుళంలో 0.357 వంతు. 19వ శతాబ్దపు తొలి తూటాల్లో గుండు, ఇత్తడి గొట్టం బయటివైపు ఒకే లావు ఉండేవి. తర్వాత గుండు సన్నబడి గొట్టం లోపలికి చేరింది, పేరు మాత్రం పాతదే ఉండిపోయింది. .44 మ్యాగ్నమ్ గుండూ అంతే, అసలు కొలత 0.429 అంగుళం. పేరుకూ కొలతకూ పొత్తు కుదిరింది .357కే.

రెట్టింపు ఒత్తిడి, మూడింతల తన్ను

తూటా మీద మోజుకు మొదటి మెట్టు అంకెలు. నాలుగంగుళాల బ్యారెల్ నుంచి మామూలు .38 స్పెషల్ గుండు సెకనుకు సుమారు 230 మీటర్ల వేగంతో వెళుతుంది. 8 గ్రాముల తేలికైన .357 గుండు 440 మీటర్లు అందుకుంటుంది. అంటే ధ్వనిని దాటిపోతుంది. శక్తి లెక్కలో మొదటిది 270 జౌళ్లయితే రెండోది 790. కాగితం మీద చూస్తే ఎవరికైనా రెండోదే నచ్చుతుంది. కానీ గుండు ముందుకు ఎంత ఊపుతో వెళితే తుపాకీ అంత ఊపుతో వెనక్కి తంతుంది. ఒకే రివాల్వర్‌లో ఒకే బరువు గుండుతో .38 నుంచి .357కు మారితే తన్నులోని శక్తి సుమారు మూడింతలవుతుంది. నాలుగు గోడల మధ్య ఆ మోత 140 డెసిబెల్స్ ఎప్పుడో దాటేస్తుంది. చెవులు మూసుకోకపోతే ఒక్క తూటాతోనే వినికిడికి శాశ్వత హాని జరగొచ్చు.

తుపాకీ బరువు పెంచితే తన్ను తగ్గుతుంది. పిండి కొద్దీ రొట్టె అన్నట్టు, బలమైన తూటాకు బరువైన ఉక్కు కావాలి. మరి రోజంతా నడుముకు తగిలించుకుని తిరిగే పోలీసుకు బరువు తగ్గాలి. సరిహద్దు గస్తీదళంలో పనిచేసిన బిల్ జోర్డాన్ కోరిక మేరకు 1955లో స్మిత్ అండ్ వెసన్ ఒక నడిమి దారి పట్టింది. .38 కోసం చేసిన మధ్యరకం ఫ్రేములోనే .357ను ఇమిడ్చి, తర్వాతి కాలంలో మోడల్ 19గా పేరుపొందిన కంబాట్ మ్యాగ్నమ్‌ను తెచ్చింది. సాధన .38తో, విధి నిర్వహణ .357తో అన్నది ఆ తుపాకీ వెనుక ఒప్పందం. ఒప్పందం పాటించినంత కాలం అది చేతిలో ఇమిడే అద్భుతమైన తుపాకీ. తర్వాత పోలీసు శాఖలు సాధన కూడా పూర్తి బలపు తూటాలతోనే చేయించడం మొదలుపెట్టాక, సిలిండర్ నుంచి గుండు బ్యారెల్‌లోకి దూరే చోట, ఉక్కు పలచగా ఉన్న అడుగు భాగంలో పగుళ్లు రావడం మొదలైంది. రోజువారీ బండికి పందెపు ఎద్దుల్ని కడితే నొగలు నిలుస్తాయా? అందుకే 1980ల మొదట్లో కంపెనీ కొంచెం పెద్ద ఫ్రేముతో 586, 686 మోడళ్లను తేవాల్సి వచ్చింది.

దీనికి పూర్తిగా ఎదురు కొసన నేటి స్కాండియం మిశ్రమపు బుల్లి రివాల్వర్లు ఉన్నాయి. బరువు 350 గ్రాములు కూడా ఉండదు, పేలేది .357. తన్ను ఎంత తీవ్రమంటే, పేలుతున్న తూటా కుదుపుకు పక్క గదుల్లోని తూటాల గుండ్లు వాటి ఇత్తడి గొట్టాల్లోంచి జారి ముందుకొచ్చే ప్రమాదముంది. అలా జారిన గుండు సిలిండర్‌ను తిరగనివ్వదు. అందుకే ఫలానా బరువుకు తగ్గిన గుండు వాడొద్దని బ్యారెల్ మీదే చెక్కి అమ్ముతారు. ఇలాంటివి కొన్నవాళ్లలో చాలామంది చివరికి వాడేది .38 తూటాలే. నా దృష్టిలో అది ఓటమి కాదు, వివేకం.

> గింజలతో తూకం
> అమెరికాలో గుండును, మందును గ్రెయిన్లలో తూస్తారు. గ్రెయిన్ అంటే గింజ, పాతకాలపు యూరప్‌లో ధాన్యపు గింజే ప్రమాణం. ఒక గ్రెయిన్ 0.065 గ్రాము. మన కంసాలులు బంగారం తూచిన గురివింద గింజ ఇంచుమించు రెండు గ్రెయిన్లు. ఆ లెక్కన 125 గ్రెయిన్ల .357 గుండు అరవై పైచిలుకు గురివిందల ఎత్తు.

చేయి నేర్చిందే వేలు చేస్తుంది

రెండు తూటాల సౌకర్యానికి ఒక చీకటి కోణం ఉంది, దాన్ని దాచడం నిజాయతీ కాదు. 1970 ఏప్రిల్‌లో కాలిఫోర్నియాలోని న్యూహాల్ దగ్గర ఇద్దరు సాయుధులతో జరిగిన కాల్పుల్లో ఆ రాష్ట్ర హైవే గస్తీదళానికి చెందిన నలుగురు యువ పోలీసులు నిమిషాల్లో చనిపోయారు. విచారణలో బయటపడ్డ లోపాల్లో ఒకటి తూటాకు సంబంధించినది. వాళ్లలో ఆ రాత్రి .357 పేల్చినవాళ్లు సాధన చేసింది తన్ను తక్కువున్న .38తో. తర్వాత ఆ శాఖ సాధనకూ విధికీ ఒకే తూటా ఉండాలని నిర్ణయించింది. ఎంచుకున్నది .357 కాదు, .38. నలుగురు సహచరుల్ని పోగొట్టుకున్న శాఖ ఇంకా బలమైన ఆయుధం వైపు కాక, చేతికి లొంగే తూటా వైపు వెళ్లింది. ఈ చరిత్రలో ఇంతకన్నా గట్టి సాక్ష్యం నాకు కనిపించదు.

పదహారేళ్ల తర్వాత ఎఫ్‌బీఐ ఇదే పాఠాన్ని చుట్టు తిరిగి నేర్చుకుంది. 1986 ఏప్రిల్ 11న మయామీలో ఇద్దరు దోపిడీదారులతో జరిగిన కాల్పుల్లో ఇద్దరు ఏజెంట్లు చనిపోయారు, ఐదుగురు గాయపడ్డారు. తగిలిన గుండ్లు చాలినంత లోతుకు పోలేదన్నది సంస్థ నిర్ధారణ. ఇంకా బలం కావాలనుకుని 10 ఎంఎం తూటాను ఎంచుకుంది. పూర్తి బలంతో పేల్చేందుకు చాలామంది ఏజెంట్ల చేతులు సహకరించలేదు, దాంతో మందు తగ్గించారు. మందు తగ్గాక అంత పొడవు గొట్టం ఎందుకని దాన్ని కురచ చేస్తే 1990లో .40 స్మిత్ అండ్ వెసన్ పుట్టింది. దాన్ని రెండు దశాబ్దాలు వాడాక, 2010ల మధ్యలో ఆ సంస్థ మళ్లీ 9 ఎంఎంకే తిరిగొచ్చింది. కారణం సూటిగా చెప్పింది: గుండ్ల తయారీ మెరుగుపడింది, తక్కువ తన్నుతో ఏజెంట్లు త్వరగా, గురిగా పేల్చగలుగుతున్నారు. పక్కకు పోయిన వెయ్యి జౌళ్లకన్నా తగలాల్సిన చోట తగిలిన మూడొందల జౌళ్లు మేలన్నది ముప్పై ఏళ్ల ఖర్చు తర్వాత తేలిన లెక్క.

పోటీ క్రీడ మొదటి నుంచీ ఈ సంగతి ఎరిగినదే. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్ విభాగంలో వ్యక్తిగత రజతం, జట్టు స్వర్ణం గెలిచింది .22 తూటాతో. 1887 నాటి ఆ చిన్న తూటా తన్ను అరచేతిని ఒకసారి తట్టినంతే. గురిని నేర్పే తూటా అదే.

సినిమా చూసి కొన్నవాళ్లు

ఇక్కడ ఒక అభ్యంతరం రావడం సహజం. జనానికి కావలసింది లొంగే తూటాయే అయితే .44 మ్యాగ్నమ్‌కు అంత కీర్తి ఎక్కడిది? దాని కథ ఎల్మర్ కీత్ అనే మనిషితో మొదలవుతుంది. ఐడహో కొండల్లో పశువుల పెంపకం, వేటగాళ్లకు దారి చూపడం అతని బతుకు. 1920ల నుంచే 1907 నాటి .44 స్పెషల్ తూటాలో ఎక్కువ మందు కూరి పరీక్షలు చేస్తూ, పత్రికల్లో రాస్తూ, కంపెనీల వెంటపడ్డాడు. మూడు దశాబ్దాల పోరు తర్వాత 1955 చివర్లో రెమింగ్టన్, స్మిత్ అండ్ వెసన్ కలిసి .44 మ్యాగ్నమ్‌ను వెలుగులోకి తెచ్చాయి. కీత్ కోరింది మనుషుల మీద వాడే ఆయుధం కాదు. గాయపడ్డ జింకనో, మీదికొచ్చే ఎలుగుబంటినో ఆపగలిగే తుపాకీ నడుముకు ఉండాలన్నాడు. అడవికి అది సరైన తూటా, నేటికీ అలాస్కా దారుల్లో దానికి పని ఉంది.

1971 డిసెంబర్‌లో క్లింట్ ఈస్ట్‌వుడ్ నటించిన డర్టీ హ్యారీ విడుదలైంది. అందులో హీరో తన చేతిలోని .44 మ్యాగ్నమ్ రివాల్వర్ మోడల్ 29ను ప్రపంచంలోకెల్లా బలమైన చేతి తుపాకీగా పొగుడుతాడు. అంతే, దుకాణాల్లో సరుకు మాయమైంది, అసలు ధరకు మించి చెల్లించి మరీ కొన్నారు. అదే ఏడాది మన దగ్గర కృష్ణ మోసగాళ్లకు మోసగాడులో రివాల్వర్ తిప్పి తెలుగు ప్రేక్షకులకు కౌబాయ్‌ను పరిచయం చేశాడు. వెండితెర మీద రివాల్వర్‌కు తన్ను ఉండదు, మోతకు చెవులు గింగురుమనవు. థియేటర్ నుంచి నేరుగా దుకాణానికి వెళ్లినవాళ్లకు ఆ రెండూ రేంజ్‌లోనే తెలిశాయి. ఆరు తూటాలు మాత్రమే వాడిన పెట్టెతో సహా తిరిగి అమ్మకానికొచ్చే .44 రివాల్వర్ల గురించి అక్కడి వ్యాపారులు తరతరాలుగా చెప్పుకుంటారు. సినిమా తుపాకీని కొనిపించగలదు, అలవాటు చేయలేదు. ఉంచుకున్నవాళ్లు ఎలా ఉంచుకున్నారో చూస్తే నా వాదనే బలపడుతుంది. .44 మ్యాగ్నమ్‌లో .44 స్పెషల్ పడుతుంది, ఇంట్లోనే తూటాలు నింపుకునేవాళ్లు మందు తగ్గించుకుంటారు. కీత్ కూరిన మందును మళ్లీ తగ్గించుకుంటూ అతని తూటాను ప్రేమిస్తున్నారు.

2003లో వచ్చిన .500 స్మిత్ అండ్ వెసన్ సంగతీ చెప్పాలి. రెండు కిలోల రివాల్వర్, 3,500 జౌళ్ల శక్తి. పెద్ద జంతువుల వేటగాళ్లకు తప్ప మిగతా వాళ్లకు అదొక వింత వస్తువు.

.41కు తమ్ముడు లేడు

వాదనకు అసలు పరీక్ష ఓడిపోయిన తూటాల దగ్గరే. 1964లో కీత్, జోర్డాన్ వంటి పేరున్నవాళ్ల ప్రోత్సాహంతోనే .41 మ్యాగ్నమ్ వచ్చింది. .357కూ .44కూ నడుమ, కాగితం మీద పోలీసులకు సరిగ్గా సరిపోయే తూటా. గురి, బలం, గుండు ఆకారం, దేనిలోనూ వంక పెట్టడానికి లేదు. అయినా కొద్ది పోలీసు శాఖలు తప్ప మిగతావి దాన్ని తీసుకోలేదు. దాని రివాల్వర్‌లో పట్టే చిన్న తూటా ఏదీ అంగట్లో లేదు. పోలీసుల కోసమని నెమ్మదైన సీసపు గుండుతో ఒక రకం చేశారు, అదీ చాలా చేతులకు బరువే. తుపాకీ కూడా బరువే. కొత్తగా చేరిన పోలీసుకు చేయి అలవాటు చేయడానికి కింది మెట్టే లేకపోయింది.

మరి .327 ఫెడరల్ మాటేమిటని అడగొచ్చు. 2000ల చివర్లో వచ్చిన ఆ మ్యాగ్నమ్ రివాల్వర్‌లో చిన్నవి మూడు రకాల .32 తూటాలు పడతాయి. నేను చెప్పింది నిజమైతే అది అన్నిటినీ మించిపోవాలి, కానీ మించలేదు. ఇది బరువైన అభ్యంతరమే. దీనికి జవాబు: చిన్న తూటా ఉంటే చాలదు, అది ప్రతి దుకాణంలో దొరకాలి. .38 స్పెషల్ అమెరికా పోలీసుల నడుము మీద ముప్పావు శతాబ్దం పాటు ఉంది, ఇప్పటికీ చిన్న ఊరి దుకాణంలో కూడా ఉంటుంది. .32లు అక్కడ వెతికితే గాని దొరకవు. తూటా గుణం ఇత్తడి గొట్టంలో సగమే ఉంటుంది, మిగతా సగం అంగడి అరలో.

ఆ అరలో ఏముండాలో కొన్నిచోట్ల చట్టం నిర్ణయిస్తుంది. మెక్సికోలో సైన్యం తూటాలు పౌరులకు నిషిద్ధం కావడంతో .38 సూపర్ ముద్దుబిడ్డయింది. ఇటలీలో దశాబ్దాల పాటు మామూలు 9 ఎంఎం వీల్లేక 9×21 అనే మరో తూటా వాడకంలోకి వచ్చింది. మన దేశంలోనూ అంతే. ఆయుధాల చట్టం కింద సైన్యం, పోలీసులు వాడే బోర్లు ప్రొహిబిటెడ్ బోర్ల జాబితాలో ఉంటాయి. అందుకే హైదరాబాద్‌లోనైనా విజయవాడలోనైనా లైసెన్సు రివాల్వర్ అంటే ఎక్కువగా 32 బోరే. అందులో పడే తూటా 1896 నాటి .32 స్మిత్ అండ్ వెసన్ లాంగ్, శక్తి 150 జౌళ్లకు అటూ ఇటూ. కాన్పూర్ ఆయుధ కర్మాగారం 2014లో మహిళల కోసమని తెచ్చిన అర కిలో నిర్భీక్ కూడా 32 బోరే. అమెరికా అరల్లో అరుదైన తూటా మన దగ్గర ప్రమాణం అయ్యింది చట్టం వల్ల, తూటా గుణం వల్ల కాదు.

ఇష్టం అనే మాటకు అడ్డు

ప్రాణం తీసే వస్తువులో నచ్చేదేముంది అన్న ప్రశ్న అన్నిటికన్నా పెద్దది. 2021లో అమెరికాలో తుపాకుల వల్ల 48,830 మంది చనిపోయారు, వాళ్లలో సగానికి పైగా ఆత్మహత్య చేసుకున్నవాళ్లే. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రం ఒలేతీలో, పని ముగించుకుని స్నేహితుడితో కూర్చున్న తెలుగు ఇంజినీరును ఒక విద్వేషి కాల్చి చంపిన వార్త విని మన ఊళ్లలో ఎన్ని ఇళ్లు నిద్రపోలేదో అందరికీ గుర్తే. ఆ తల్లిదండ్రుల ముందు పైథాన్ నునుపు గురించి మాట్లాడలేం, మాట్లాడకూడదు. ఏ తూటా వల్ల ఏ గాయం ఎంత అన్న లెక్క వాళ్ల నష్టం ముందు అర్థం లేనిది. తుపాకీ ఎవరి చేతికి వెళ్లాలన్న ప్రశ్నను తూటా కొలతలు తేల్చలేవు.

కానీ ఆ మోజును అర్థం చేసుకోకుండా కొట్టిపారేస్తే నష్టం మనకే. కోట్ల తుపాకులున్న దేశంలో మన పిల్లలు చదువుతున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు, కొందరు అక్కడి భయానికి తామూ తుపాకీ కొనాలా అని ఆలోచిస్తున్నారు. వాళ్లకు దుకాణంలోనూ సినిమాలోనూ వినిపించేది బలం మాటే. న్యూహాల్‌లో, మయామీలో ఆ మాటను నమ్మి చేసిన లెక్కలు ఎలా తలకిందులయ్యాయో చెప్పేవాళ్లు తక్కువ. కంగారులో, చీకట్లో, పక్కగదిలో పిల్లలున్న ఇంట్లో పేలిన మ్యాగ్నమ్ గుండు పలచని జిప్సం గోడలను కాగితంలా దాటిపోతుంది. ఈ ఒక్క సంగతి తెలిసినా ఆ ఎంపిక వేరుగా ఉంటుంది, అసలు కొనడమే మానుకోవచ్చు కూడా.

పాత తుపాకులు కొనే అనుభవజ్ఞులు అమెరికాలో ఒక పని తప్పకుండా చేస్తారు. పోలీసు శాఖలు వదిలించుకున్న .357 రివాల్వర్‌ను చేతిలోకి తీసుకుని, సిలిండర్ తెరిచి, గదుల్లోకి చిన్న టార్చి వేసి చూస్తారు. చాలావాటిలో చివరికి కొంచెం ఇవతల, .38 గొట్టం ఆగే చోట, నల్లని మసి గీత ఒకటి గుండ్రంగా కనిపిస్తుంది. ఏళ్ల తరబడి చిన్న తూటాలు పేలిన గుర్తు అది. దాని అవతల, మ్యాగ్నమ్ కోసం వదిలిన ఆ మూడున్నర మిల్లీమీటర్ల ఉక్కును తాకి ఏ ఇత్తడీ అరగదీయలేదు.